ఖులాకు భర్త సంతకం కావాలా? మా చెల్లె విషయంలో సలహా చెప్పండి

ప్రశ్న:
అందరికీ సలాం. మాది నిజామాబాద్ దగ్గర ఊరు. చెల్లె షాదీ అయి ఏడేండ్లు. ఆయన దుబాయ్‌ల ఉంటడు. రెండున్నరేండ్ల సంది పైసా పంపలే. పాపకు ఐదేండ్లు. ఖులా (భార్య కోరే విడాకులు) అడిగితే, "మెహర్ (నిఖాల భర్త ఇస్తనని ఒప్పుకున్న సొమ్ము), నగలు, పాప ఖర్చు అన్నీ వదులుకుంటేనే సంతకం పెడత" అని వాట్సాప్‌ల వాయిస్ పంపిండు. భర్త ఒప్పుకోకుంటే ఖులా కాదని మస్జిద్ కమిటీ పెద్దలు అంటున్నరు. కోర్టుకు పోతే షరియత్ దాటినట్టేనా? అమ్మకు ఆ భయమే ఎక్కువ.

జవాబు:
ట్రిపుల్ తలాక్ కేసు పెట్టు భాయ్. మూడేళ్లు లోపలేస్తారు.

జవాబు (ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను):
ఆయన తలాక్ అననే లేదు కదా. 2019 చట్టం ఒక్కసారిగా మూడు తలాక్‌లు చెప్పినవాళ్ల మీద. ఇక్కడ పనికిరాదు.

తమ్ముడూ, విడాకులు వేరు, డబ్బులు వేరు. ఈ రెంటినీ ముడేసి బేరం పెట్టేది భర్త తరఫువాళ్లే, చట్టం కాదు.

ముందు ఖులా సంగతి. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు దీని మీదే తీర్పు ఇచ్చింది. ఖులా కోరడం భార్య హక్కు, దానికి భర్త ఒప్పుకోలు అక్కర్లేదు. ముఫ్తీ (ఫత్వా ఇచ్చే మత పండితుడు) ఇచ్చే ఖులానామా, అంటే ఖులా పత్రం, సలహా కిందికే వస్తుంది. ఫ్యామిలీ కోర్టు రాజీ ప్రయత్నం జరిగిందా, మెహర్ గురించి మాటలయ్యాయా అని చూసి తేల్చాలి, ఏళ్ల తరబడి సాక్ష్యాలు వినాల్సిన పని లేదు. మెహర్ తిరిగి ఇమ్మని ఆయన అడగొచ్చు. అది ఇవ్వలేదన్న సాకుతో ఖులా ఆపలేడు.

నన్నడిగితే మీకు ఇంకో దారే మంచిది. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం, భర్త రెండేళ్లు పోషించకపోతే భార్య కోర్టులో విడాకులు అడగొచ్చు. మీకు రెండున్నరేళ్లు దాటింది. ఖులా కాదు కాబట్టి మెహర్ వదులుకోమనే మాటే రాదు.

ఇక డబ్బు. విడాకులైనా కాకపోయినా భరణం అడగొచ్చు. ఇదివరకు సీఆర్‌పీసీ సెక్షన్ 125, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144. విడాకులు పొందిన ముస్లిం మహిళకూ ఇది వర్తిస్తుందని 2024 జులై 10న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన తెలంగాణదే. చెల్లెలు ఉంటున్న ఊరి కోర్టులోనే వేయొచ్చు. పాప భరణం పాపది, తల్లి సంతకం పెట్టినా అది పోదు. "నాకేమీ రావాల్సింది లేదు" అని రాసిన కాగితం మీద మాత్రం ఎవరి ముందూ సంతకం పెట్టనివ్వకండి.

జవాబు:
కోర్టులు మన షరియత్‌లో వేలు పెడితే ఎక్కడ ఆగుతాయి? విడాకులైన భార్యకు భరణం ఇమ్మని 1985లో సుప్రీంకోర్టు చెప్పిన షాబానో కేసు నుంచీ చూస్తూనే ఉన్నాం.

జవాబు (రిటైర్డ్ ఉర్దూ టీచర్ని):
బేటా, నీ బాధ నాకూ ఉంది. కానీ 1939 చట్టం ఎలా వచ్చిందో తెలుసా? హనఫీ మజ్‌హబ్‌లో (మన దగ్గర ఎక్కువమంది పాటించే షరియత్ సంప్రదాయం) ఆడవాళ్లకు విడుదల దారులు తక్కువ. భర్త మాయమైనా, తిండి పెట్టకపోయినా వదిలించుకోలేక, మతం మారితే నిఖా రద్దవుతుందని కొందరు మతమే మారారు. అది చూసి మౌలానా అష్రఫ్ అలీ థానవీ లాంటి ఆలిములే (మత పండితులే) మాలికీ అనే ఇంకో మజ్‌హబ్ నుంచి దారి తీసుకోవచ్చని 1930లలో రాశారు. చట్టం ఆ ఒత్తిడితో పుట్టింది. ఈ కేసులు ముస్లిం జడ్జీలే వినాలన్న వాళ్ల కోరిక మాత్రం నెగ్గలేదు, ఆ అసంతృప్తి నిజమే.

అమ్మగారికి ప్రవక్త సహచరుడు సాబిత్ బిన్ ఖైస్ భార్య హదీస్ (ప్రవక్త మాటల, చేతల కథనం) వినిపించు. "ఆయన గుణం మీద, దీన్ (ధర్మనిష్ఠ) మీద ఫిర్యాదు లేదు, కానీ కలిసి ఉండలేను" అందామె. మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగి ఇస్తావా అని ప్రవక్త అడిగారు. ఇస్తానంది. తోట తీసుకొని విడిచిపెట్టమని సాబిత్‌కు చెప్పారు. అక్కడ భర్త బేరం ఎక్కడుంది?

ప్రశ్న అడిగినవారు:
షుక్రియా సార్. నిఖానామా (పెండ్లి పత్రం) దొరికింది, ఫొటో పెట్టిన. మెహర్ 51,000. పక్కన ఉర్దూల ఏదో రాసి ఉంది, మాకు చదవరాదు.

జవాబు (టీచర్):
ఫొటోలో మొదటి అక్షరం మీమ్, దాని తర్వాతది చూడు. ఐన్ ఉంటే వెంటనే ఇవ్వాల్సిన మెహర్. వావ్ మీద హమ్జా ఉంటే తర్వాత ఇచ్చేది. పలికితే రెండూ "ముఅజ్జల్" లాగే వినిపిస్తాయి, చాలామంది ఖాజీలు గబగబా రాసేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఐనే సార్.

జవాబు (లాయర్):
అయితే అది ఎప్పుడడిగినా ఇవ్వాల్సిందే. ఇప్పటిదాకా ఇచ్చారో లేదో చెల్లెల్ని అడగండి. సోమవారం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఆ వాయిస్ మెసేజ్ డిలీట్ చేయకండి, ఆ ఫోన్ మార్చకండి.

ప్రశ్న అడిగినవారు:
బ్యాంక్ పాస్‌బుక్ కూడా తీస్కపోవాల్నా? ఆయన పంపిన ఆఖరి ఎంట్రీ అందుల ఉంది.

జవాబు (లాయర్):
తప్పకుండా. ముందు బ్యాంకులో ఇవాళ్టి వరకు ప్రింట్ వేయించండి, ఆ ఎంట్రీ తర్వాత ఏమీ రాలేదని కనబడాలి. జిరాక్స్‌లు మూడు సెట్లు తీయండి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు.