రోజూ వచ్చే ఆరోగ్య హెచ్చరికల్లో వైద్యులు వేటిని ముందుగా చదవాలి?

ప్రశ్న:
నేను ఔట్‌పేషెంట్ విభాగంలో జనరల్ ఫిజీషియన్‌ను. అంటువ్యాధులు, వడగాడ్పులు, గాలి కాలుష్యం గురించిన హెచ్చరికలు ఈమెయిల్‌లో పేరుకుపోతున్నాయి. గత నెల తట్టు గురించి వచ్చిన హెచ్చరికను, ఒంటి నిండా దద్దుర్లున్న పిల్లవాణ్ణి చూసి పంపించిన తర్వాతే తెరిచాను. మీరు ఏ పద్ధతి పాటిస్తున్నారు?

జవాబు 1:
అన్నీ చదవాలనుకోవడమే పొరపాటు. స్థానిక ప్రజారోగ్య శాఖ హెచ్చరికలను, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటనలను ముందు చూడండి. అంటువ్యాధుల తొలి వార్తలను ఇంటర్నెట్‌లో తెలియజేసే ప్రోమెడ్ అనే సేవ 1994లో మొదలైంది; అది వుహాన్‌లో కారణం తెలియని న్యుమోనియా గురించి 2019 డిసెంబరు 30నే తెలియజేసింది. అలాంటి తొలి సమాచారాన్ని బట్టి చికిత్స మార్చలేము గానీ, రోగిని ఈమధ్య ఎక్కడికి వెళ్లివచ్చారని అడగడానికి అది చాలు.

జవాబు 2:
నేను ఇన్ఫెక్షన్ నియంత్రణ నర్సును. తట్టు రోగి వెళ్లిపోయాక కూడా ఆ గది గాలిలో వైరస్ 2 గంటల వరకు ఉండగలదు కాబట్టి, హెచ్చరిక డాక్టరు ఈమెయిల్‌లో కంటే రిసెప్షన్ బల్ల మీద ఉండటమే ముఖ్యం. ఎవరిని అనుమానించాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎవరికి ఫోన్ చేయాలో అరపేజీలో రాసి, తీసేయవలసిన తేదీతో సహా అతికిస్తాము. (తేదీ లేని కాగితాన్ని వారం తర్వాత ఎవరూ చూడరు.)

జవాబు 3:
వడగాడ్పుల హెచ్చరిక వస్తే నేను మొదట మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడుతున్న వృద్ధుల జాబితా తీయిస్తాను. ఇంకో మాట, సమాచారం మన దగ్గరి నుంచి కూడా వెళ్లాలి. 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) వారపత్రికలో వచ్చిన ఎయిడ్స్ తొలి నివేదికకు ఆధారం లాస్ ఏంజలెస్ వైద్యులు గమనించిన ఐదుగురు రోగులే.