పల్నాటి వీరచరిత్ర మళ్లీ చదువుతున్నాం: నాగమ్మ మీద అంత కోపం న్యాయమేనా?

ద్విపద పిచ్చి: మేం ఆరుగురం ఆదివారం రాత్రుళ్లు ఫోన్‌లో కలిసి, శ్రీనాథుడి పేరు మీదున్న పల్నాటి వీరచరిత్ర పైకి చదువుకుంటున్నాం. కాలేజీలో చదివినప్పుడు నాగమ్మ పేరు చెబితే ఒళ్లు మండేది. ఇప్పుడు మండట్లేదు. 12వ శతాబ్దంలో ఒక ఆడమనిషి నలగామరాజుకు మంత్రి అయింది. కోడిపోరు గెలిచింది, పందెం ప్రకారం మాచర్లవాళ్లు, అంటే నలగాముడి సవతి తమ్ముడు మలిదేవుడి పక్షం, ఏడేళ్లు ఊరొదిలారు. ఆమె తప్పేంటో చెప్పండి.

మాచర్ల ఆడపడుచు: తప్పేంటా? ఆ పోరు మోసంతో గెలిచిందని మా వైపు చిన్నపిల్లలు కూడా చెప్తారండీ. సరే, అది వదిలేద్దాం. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి మాచర్ల తరఫున అలరాజు వెళ్లాడు. నలగాముడికి స్వయానా అల్లుడు. అతనికి విషం పెట్టి చంపారు. ఇటు మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు చూస్తే అన్ని కులాలవాళ్లనీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు, మాల కన్నమదాసును సేనాని చేశాడు. ఇద్దరినీ ఒకే తక్కెడలో ఎలా వేస్తారు?

నాగులేటి ఒడ్డు: చాపకూడు గొప్పదే, కాదనను. కానీ కథ ఎవరి నోట విన్నాం? యుద్ధం జరిగిన కారంపూడిలో కార్తిక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవంలో వీరవిద్యావంతులు పాడేది బ్రహ్మనాయుడి పక్షం. యుద్ధం 1182 ప్రాంతంలో జరిగింది, శ్రీనాథుడు 14, 15 శతాబ్దాలవాడు. ఆయన చేతికొచ్చేసరికే తీర్పు అయిపోయింది!

మాచర్ల ఆడపడుచు: పాడినవాళ్లది ఒక పక్షమైతే అలరాజు చావు అబద్ధమైపోతుందా?

ద్విపద పిచ్చి: అవదు, ఒప్పుకుంటా. కానీ పోయిన వారం మేం ఆగిపోయిన చోటు చూడండి. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు విసిరిన బొంగరం ఒకావిడ కాలికి తగిలింది. మీవాళ్లంతా పోరుకు పోతే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని దెప్పిందావిడ. అంతే, పిల్లాడికి రోషం పొడుచుకొచ్చింది. తల్లి ఐతాంబ వద్దన్నా విన్లేదు. అక్కడ కారంపూడిలో సంధి మాటలు నడుస్తున్నాయి, బ్రహ్మనాయుడే మెత్తబడ్డాడు. దాన్ని చెడగొట్టింది నాగమ్మ కాదు, మనం చప్పట్లు కొట్టే బాలచంద్రుడు. కాలేజీలో ఈ పేజీ నేనెలా దాటేశానో!

మాచర్ల ఆడపడుచు: వయసు అలాంటిది లెండి. నేనూ దాటేసి ఉంటా. బాలచంద్రుడి భార్య మాంచాల ఘట్టం వచ్చే ఆదివారమేనా? లింకు పంపండి, వస్తా. నాగమ్మ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.