బండి వేడెక్కాక సెల్ఫ్ కొడితే ఒక్క 'టక్' అని ఆగిపోతోంది, మోటార్ మార్చాల్సిందేనా?

ప్రశ్న:
2014 మోడల్ డీజిల్ కారు, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే బాగానే స్టార్ట్ అవుతుంది. గంటసేపు నడిపి ఆపి మళ్లీ తాళం తిప్పితే బానెట్ కింద 'టక్' అని ఒక్కసారి వినిపిస్తుంది, ఇంజిన్ కదలదు. అరగంట ఆగితే మామూలుగా స్టార్ట్ అయిపోతుంది. మొన్న గుంటూరు నుంచి వస్తూ మంగళగిరి దగ్గర టీకి ఆగి, మిట్టమధ్యాహ్నం ఎండలో అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని 40 నిమిషాలు ఉండిపోయాం. బ్యాటరీ పోయిందన్నారని కొత్తది వేయించాను, రెండు రోజులకే మళ్లీ అదే తంతు. ఇప్పుడు సెల్ఫ్ మోటార్ మొత్తం మార్చాలి, 11,000 అవుతుందంటున్నారు. ఈసారీ బాగుపడకపోతే ఎలాగా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను, మోటార్ అప్పుడే కొనకండి. బ్యాటరీ వీక్ అయితే మామూలుగా 'టకటకటక' అని వరసగా కొట్టుకుంటుంది, మీది ఒక్క టక్. రాత్రిపూట హెడ్‌లైట్లు వేసి గోడకేసి చూస్తూ సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీయో, టెర్మినల్సో, లేదా మోటారే బిగుసుకుపోయిందో. టక్ అన్నా లైట్లు ఏమాత్రం తగ్గకపోతే కరెంటు మోటార్ దాకా వెళ్లడమే లేదు. అప్పుడు వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీసుకోండి. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వేసి, నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి పెట్టి, ఒకరు తాళం తిప్పి పట్టుకుంటే ఎర్ర వైరుతో సోలనాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) మీదున్న రెండు పెద్ద బోల్టులూ చూడాలి. బ్యాటరీ కేబుల్ వచ్చే బోల్టు దగ్గర 12 వోల్టులు ఉండి, మోటార్‌లోకి వెళ్లే బోల్టు దగ్గర దాదాపు సున్నా ఉంటే సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయినట్టు. రెండో బోల్టుకీ 12 వచ్చి తిరగకపోతే, మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు చూడాలి. వేడికి సోలనాయిడ్ కాయిల్ రెసిస్టెన్స్ పెరిగి లాగే బలం తగ్గుతుంది, అందుకే చల్లారాక పనిచేస్తుంది.

జవాబు 2:
దానికంటే ముందు ఎర్త్ (ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి కరెంటు తిరిగొచ్చే కనెక్షన్) చూడండి, ఎందుకంటే ఎర్త్ పోయినా లైట్లు తగ్గవు. నా బండికి క్లచ్ ప్లేట్ వేయించాక ఇదే గోల, గేర్‌బాక్స్ మీద ఎర్త్ వైరు బోల్టు సరిగ్గా బిగించకుండా వదిలేశారు, నేను 2 నెలలు తిరిగాను. బండి మొండికేసినప్పుడు జంపర్ కేబుల్ (రెండు కొసలా క్లిప్పులున్న లావు వైరు) ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస పెయింట్ లేని ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. అప్పుడు స్టార్ట్ అయితే తప్పు ఎర్త్‌దే.

అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్. లైట్లు అస్సలు తగ్గలేదు. జంపర్ పెట్టినా టక్ మాత్రమే. నిన్న బాగా నడిపి వేడి మీదే మీటర్ పెట్టాం, మొదటి బోల్టు 12.3, రెండోది 0.4. ఆటోనగర్‌లో కూర్చుని మోటార్ విప్పించాను. సోలనాయిడ్ మూత తీస్తే రాగి బిళ్ల అంచంతా నల్లగా గుంటలు పడి, పక్కనున్న కాంటాక్టు ఒకటి సగం అరిగిపోయి ఉంది. సోలనాయిడ్ కొత్తది వేసి, బ్రష్‌లు కూడా మార్చి, మజూరీతో కలిపి 2,600 తీసుకున్నారు.

జవాబు 1:
బ్రష్‌లు మార్పించడం మంచిపని, విప్పాక వదిలేస్తే మళ్లీ ఇంకో మజూరీ. మోటార్ ఇరుసు తిరిగే బుష్‌లు కూడా చూశారా? అవి అరిగితే ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం) పక్కకి రాసుకుని కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇకమీదట ఒక్కోసారి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో అర నిమిషమైనా ఆపండి.

అడిగినవారు:
బుష్‌లు చూశారు, బాగానే ఉన్నాయన్నారు. ఇవాళ అమ్మని తీసుకుని గుంటూరు వెళ్లొచ్చాం, మంగళగిరిలో అదే టీ కొట్టు దగ్గర ఆపాను, ఒక్క తిప్పుకే అందుకుంది.