పాత ఇంటికి బీచ్ ఇంటి కళ: రంగులు, గచ్చు, తలుపులు – బెజవాడలో ఏది నిలుస్తుంది?

సత్యనారాయణపురం_డాబా
గ్రౌండ్ ఫ్లోర్ పాత డాబా ఇల్లండి. మొజాయిక్ గచ్చు, వార్నిష్ కొట్టిన టేకు తలుపులు. హాలు 12×16, ఎత్తు 10 అడుగులు. తెలుపు, ఇసుక రంగు, లేత నీలం కలిపి సముద్రం పక్కనున్న ఇల్లులా చేయించాలని ఉంది. పడమటి గోడకి కింద మూడడుగుల మేర ఉప్పు పొంగి పెచ్చులు ఊడుతున్నాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? మొజాయిక్ తీసేసి టైల్స్ వేయించాలా?

తాపీ_మాట
ముందు ఆ పడమటి గోడ సంగతి చూడండి. తెల్ల గోడ మీద చెమ్మ మరక కనిపించినంతగా ఇంకే రంగు మీదా కనిపించదు.

రెండడుగుల చదరం ప్లాస్టిక్ కాగితం గోడకి పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి పోకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక నీటి బొట్లు పట్టాయంటే నీరు గోడలోంచి వస్తోంది. పైవైపు పట్టాయంటే గదిలో గాలి ఆడటం లేదని అర్థం.

గోడలోంచే అయితే, చెమ్మ గీతకి ఇంకో అడుగు పైదాకా ప్లాస్టరింగ్ మొత్తం కొట్టించేయాలి. ఇటుకల మీద ఉప్పుని పొడి బ్రష్‌తోనే దులపండి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. గచ్చుకి ఆరంగుళాల పైన, ఇటుకల మధ్య ఉన్న మాలు వరసలో 10-12 సెంటీమీటర్లకో 12 ఎం.ఎం. రంధ్రం వేసి, చెమ్మ పైకి ఎక్కకుండా ఆపే సిలికాన్ క్రీమ్ ఎక్కించాలి. తర్వాత 1:4 ప్లాస్టరింగ్ (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ళు ఇసుక), సిమెంటు బస్తాకి 200 మి.లీ. వాటర్‌ప్రూఫ్ లిక్విడ్. వారం రోజులు క్యూరింగ్, ఆపైన కనీసం 28 రోజులు ఆరనివ్వండి. మళ్ళీ ప్లాస్టిక్ కాగితం పెట్టి చూశాకే లప్పం (గోడని నున్నగా చేసే పుట్టీ).

సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెడితే ఎండాకాలం మీ పక్షాన ఉంటుంది. జులైలో మొదలుపెడితే ఆ గోడ ఆరదు. ఇంకోటి, చెమ్మ కనపడకుండా కింద టైల్స్ అంటించమని ఎవరైనా చెప్తే వినకండి. బయటికి దారి మూసుకుపోయిన చెమ్మ టైల్ పైనుంచి మరో రెండడుగులు ఎక్కుతుంది.

రంగుల_లెక్క
హాలు గోడలు 560 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే 470 అనుకోండి. లప్పం రెండు కోట్లకి కిలోకి 12-13 చదరపు అడుగులే లెక్కేసుకోండి, అంటే ఒక 40 కిలోల బస్తా. బస్తా మీద ఇంకా ఎక్కువ రాసి ఉంటుంది, అది అద్దంలాంటి గోడకి. 220 నంబరు ఉప్పు కాగితం, ప్రైమర్ ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లకి 8 లీటర్లు.

పాలలాంటి తెలుపు తీసుకోకండి. మన పడమటి ఎండ దాని మీద పడితే కళ్ళు మూసుకోవాల్సి వస్తుంది, రోడ్డు దుమ్మూ తొందరగా తెలుస్తుంది. చుక్క గోధుమ రంగు కలిసిన తెలుపు మంచిది. నీలం ఒక్క గోడకే, అదీ ఉత్తరం గదిలో వద్దు. వెలుతురు చల్లగా ఉండే గదిలో లేత నీలం బూడిద రంగులా కనిపిస్తుంది. మూడడుగుల చదరం నమూనా రెండు గోడల మీద వేసి పొద్దున, సాయంత్రం నాలుగింటికి, రాత్రి లైట్ల కింద చూసి తేల్చుకోండి. 6500 కెల్విన్ ట్యూబులుంటే ఎంత మంచి తెలుపైనా ఆసుపత్రి వార్డులానే ఉంటుంది. 4000 కి దిగండి.

గుల్లసున్నం
అసలు మన తీరపు ఇళ్ళ తెలుపు ఎమల్షన్ కాదండి, సున్నం. దాని మీద వెలుతురు మెత్తగా పడుతుంది. గోడ లోపలి తేమని బయటికి పోనిస్తుంది కూడా. బయటి గోడలకైనా వేయించండి. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి అందులో సున్నం వేయాలి. సున్నం మీద నీళ్ళు గుమ్మరిస్తే చిమ్మి కళ్ళలో పడుతుంది. రాత్రంతా నాననిచ్చి, పలచటి గుడ్డలో వడకట్టి, పాలంత పలచగా కలిపి, గోడ తడిపి మూడు కోట్లు. జిగురు కలపకపోతే ఒరుసుకున్నప్పుడల్లా బట్టలకి అంటుతుంది.

రంగుల_లెక్క
ఒప్పుకుంటా, కానీ ఇదివరకు ప్లాస్టిక్ పెయింట్ ఉన్న గోడ మీద సున్నం పట్టదు, పొరలుగా రాలిపోతుంది. ప్లాస్టరింగ్ దాకా గీకిస్తేనే. కొత్తగా ప్లాస్టరింగ్ అయ్యే పడమటి గోడకి మాత్రం సున్నమే సరి.

చెక్కపని_గుంటూరు
టేకు మీద నేరుగా తెల్ల పెయింట్ కొట్టించకండి. చెక్కలోని నూనె పైకి తేలి కొద్ది వారాల్లో పసుపు మచ్చలు పడతాయి. తెల్లగానే కావాలంటే మరకలు ఆపే ప్రైమర్ తప్పనిసరి.

నా మాట వింటే టేకు చార కనిపించేలా ఉంచండి. 120, 180, 220 కాగితాలతో వార్నిష్ తీసేసి, థిన్నర్ గుడ్డతో తుడిచి, నీటి ఆధారిత తెల్ల పెయింట్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి చార వెంట పూయండి. రెండు మూడు నిమిషాల్లో పొడి గుడ్డతో తుడిచేయాలి. తెలుపు సందుల్లో నిలిచి, పైన చెక్క కనిపిస్తుంది. ముందు తలుపు వెనకవైపు ఒక జానెడు చేసి చూడండి. పైన మ్యాట్ పీయూ (మెరుపు లేని పాలీయురేథేన్ పాలిష్) రెండు కోట్లు, అదీ నీటి ఆధారితమే. మెలమైన్ పాలిష్ అయితే పసుపుబడుతుంది.

సత్యనారాయణపురం_డాబా
గడపక్కూడా ఇదేనా అండి?

చెక్కపని_గుంటూరు
వద్దండి. పసుపు రాసే గడప తెల్లగా ఎన్నాళ్ళుంటుంది? దాన్ని అలాగే వదిలేయండి.

తాపీ_మాట
మొజాయిక్ పీకించకండి. ఆ చిప్స్‌లోనే మీకు కావల్సిన ఇసుక రంగు ఉంది. చిల్లులు పూడ్చి 60, 120, 220, 400 గ్రిట్ రాళ్ళతో పాలిష్ పట్టిస్తే చాలు. దాని మీద టైల్ వేస్తే టైల్ అంటించే గమ్, టైల్ కలిపి అర అంగుళం లేస్తుంది. ప్రతి తలుపూ కింద కొయ్యాలి, గడప ఎత్తు తగ్గిపోతుంది.

బాత్రూంలో ముదురు నీలం గ్లాసీ టైల్స్ జోలికి పోవద్దు. బోరు నీళ్ళ తెల్ల చారలు వాటి మీదే ఎక్కువ తేలతాయి. నేలకి ఇసుక రంగు మ్యాట్, నీలం కావాలంటే నీళ్ళు పడని గోడకి. టైల్స్ సందులు నింపే ఎపాక్సీ గ్రౌట్ ఎండాకాలం త్వరగా గట్టిపడుతుంది, ప్యాకెట్ సగం సగమే కలపమనండి.

కృష్ణలంక_నేత
బీచ్ ఇళ్ళ వీడియోలు చూసి, ఉప్పు గాలికి తట్టుకునే 316 రకం స్టీలు బందులకి డబ్బు పెట్టకండి. బందరు సముద్రం ఇక్కణ్ణుంచి దాదాపు 70 కిలోమీటర్లు, ఆ ఉప్పు గాలి మీ తలుపు దాకా రాదు. మామూలు 304 రకం స్టీలు చాలు.

కర్టెన్లకి మంగళగిరి నూలు, ఒక్క దిండు మీదైనా పెడన కలంకారీ పెట్టి చూడండి. గవ్వలూ లంగరు బొమ్మలూ అక్కర్లేదు. నూలు గుడ్డ తడిపి ఆరేశాకే కుట్టించాలి, లేకపోతే మొదటి ఉతుక్కే కర్టెన్ పైకి లేస్తుంది. పడమటి కిటికీకైతే లైనింగ్ వేయించండి, లేకపోతే ఎండకి రంగు వెలిసిపోతుంది. తుంగ చాప పరిచేట్టయితే వానాకాలం వారానికోసారి ఎండలో వేయండి, బూజు పట్టకుండా.

సత్యనారాయణపురం_డాబా
పనుల వరస ఎలా పెట్టుకోవాలి?

తాపీ_మాట
పడమటి గోడ కొట్టడం, కరెంటు పైపులకి గాడులు ఒకేసారి. అది ఆరేలోగా బాత్రూం, తలుపులు. తర్వాత లప్పం, ప్రైమర్, ఒక కోటు రంగు. అప్పుడు గచ్చు పాలిష్. ఆఖరి కోటు దాని తర్వాతే వేయించండి, పాలిష్ మిషన్ బురద గోడకి అడుగెత్తు దాకా చిమ్ముతుంది.