ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే క్యాసెట్ పాట వెనక గుయ్‌మని మోత, ఎలా ఆపాలి?

కొన్నాళ్లుగా పెట్టెలోంచి చేతికొచ్చిన క్యాసెట్ తీసి, రోజుకో పాట మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి పాత ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌కి 3.5 ఎంఎం వైరు, రికార్డింగ్ ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో.

ఛార్జర్ పెట్టగానే గుయ్‌మని మోత. తీసేస్తే మాయం, కానీ పాట సగంలోనే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. టేప్ రికార్డర్‌కే ఇయర్‌ఫోన్స్ పెట్టి వింటే మోత లేదు.

వైరు మార్చాను, రెండిటినీ ఒకే బోర్డుకి పెట్టాను, టేప్ రికార్డర్ హెడ్ (టేపుని చదివే భాగం) స్పిరిట్‌తో తుడిచాను. ఆడాసిటీలో మోత తగ్గించే నాయిస్ రిడక్షన్ వాడితే వీణ కాస్తా రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. టేప్ రికార్డర్‌లో సెల్స్ వేద్దామంటే స్ప్రింగులు పచ్చగా చిలుమెక్కాయి. సౌండ్ కార్డు (ల్యాప్‌టాప్‌కి విడిగా తగిలించే ఆడియో పరికరం) కొనే దారి లేదు. (ఎర్త్ పిన్ తీసేయమని మాత్రం చెప్పకండి, ఇంట్లో పిల్లలున్నారు.)

ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఈ మోత ఆపడం ఎలా?