చెట్లు నాటే పనికి మూడు నెలలు కెన్యా వెళ్దామనుకుంటున్నాను, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

పచ్చికబయలు:

అందరికీ నమస్తే. నాకు 26 ఏళ్ళు. మా చర్చి యూత్ గ్రూపులో ఆదికాండం చదువుతున్నాం. తోటను సేద్యం చేయడానికి, కాయడానికి దేవుడు మనిషిని అందులో పెట్టాడనే మాట దగ్గర నేను ఆగిపోయాను. సేద్యం సంగతి సరే, కాయడం అనే పని నేను ఎక్కడ చేస్తున్నాను? ఏడాదిగా ఇదే ఆలోచన. కెన్యా తీరప్రాంతంలో కొట్టేసిన అడవిని అక్కడి చెట్లతోనే మళ్ళీ పెంచుతున్న ఒక క్రైస్తవ సంస్థ వాలంటీర్లను తీసుకుంటోందని తెలిసి అప్లై చేస్తే మూడు నెలలకు రమ్మన్నారు. టికెట్, తిండి, బస ఖర్చు మనదే.

ఇంట్లోవాళ్ళు "అదే డబ్బు వాళ్ళకు పంపితే ఇంకా ఎక్కువ మొక్కలు నాటిస్తారు కదా" అంటున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా నాకు వ్యవసాయం రాదు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. నేను వెళ్తే ఆ నేలకు ఏమైనా ఒరుగుతుందా, లేక నా మనసు తృప్తి కోసమే వెళ్తున్నానా అని నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు. వచ్చే వారం లోపు వాళ్ళకు చెప్పేయాలి. మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.

గింజలసంచి:

నేను కెన్యా తీరంలోనే, ఇలాంటి పనికే నాలుగు నెలలు ఉండి వచ్చాను. ముందుగా ఒక మాట. ఆ నాలుగు నెలల్లో మేం మొక్కలు నాటింది తొమ్మిది రోజులే. మిగతా రోజులన్నీ గింజలు ఏరడం, సంచుల్లో మట్టి నింపడం, పొద్దున సాయంత్రం నీళ్ళు పోయడం, కలుపు తీయడం, అంతకుముందు ఏడాది నాటినవాటి దగ్గరికి వెళ్ళి ఏది బతికింది ఏది ఎండింది అని రాసుకోవడం. ఫొటోల్లో కనిపించేది ఆ తొమ్మిది రోజులు, అడవి నిలబడేది మిగతా రోజుల వల్ల. ఇది తెలిసి వెళ్తే మీకు నిరాశ ఉండదు.

ఎంబంబకోఫి అని అక్కడి అడవి చెట్టు ఒకటి ఉంది. కాయ చెక్కలా గట్టిగా, అరచేతి పొడవున ఉంటుంది. ఎండాక రెండుగా విప్పితే లోపల తెల్లటి బెండులో నల్లగా మెరిసే గింజలు వరసగా కూర్చుని ఉంటాయి, ఒక్కో గింజకు ఒక కొసన ఎర్రటి టోపీ పెట్టినట్టు ఉంటుంది. ఆ ఎర్రటిది వలిచి తీసేశాకే విత్తాలని నర్సరీలో పనిచేసే ఆవిడ నేర్పింది. ఆవిడ చదువుకోలేదు, కానీ ఏ చెట్టు ఏ నెలలో కాయ విడుస్తుందో, ఏ గింజ ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో అడగ్గానే చెప్పేది. నర్సరీ సంచుల సంగతి కూడా అంతే. వాటిని అప్పుడప్పుడు ఎత్తి పక్కకు జరుపుతూ ఉండాలి, లేకపోతే తల్లివేరు సంచి అడుగు చీల్చుకుని నేలలోకి దిగిపోతుంది, తీరా నాటే రోజున లాగితే పుటుక్కున తెగుతుంది. అలా తెగిన మొక్క వారం రోజులు పచ్చగానే ఉండి తర్వాత తల వాల్చేస్తుంది. నేను జరపడం మర్చిపోయిన ఒక వరుస మొత్తం అలాగే పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇక డబ్బు ప్రశ్న. మీరు ఇచ్చేది చేతులు మాత్రమే అయితే మీ ఇంట్లోవాళ్ళదే రైటు, డబ్బు పంపండి, గుంతలు తవ్వడం అక్కడివాళ్ళకు మనకంటే బాగా వచ్చు, ఆ కూలీ వాళ్ళకే దక్కాలి. కానీ మీరు కంప్యూటర్ పని చేస్తారన్నారు కదా. ఎక్కడ ఏ మొక్క ఎప్పుడు పెట్టారు, ఏది బతికింది అనే లెక్క చాలా చోట్ల కాగితాల్లో, చెదిరిపోయిన ఫైళ్ళలో ఉంటుంది. దాన్ని ఒక పద్ధతిలో పెట్టి, అక్కడి స్టాఫ్‌లో ఇద్దరికి నేర్పి వస్తే మీరు వచ్చేశాక కూడా అది నడుస్తుంది. ఇలాంటి పని ఉందా అని వాళ్ళను ముందే అడగండి.

వానలు కూడా చూసుకోండి. తీరంలో పెద్ద వానలు దాదాపు ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మసికా అంటారు. చిన్న వానలు అక్టోబరు నుంచి డిసెంబరు, వాటిని వూలి అంటారు. వానలు మొదలవడానికి నెల ముందు చేరితే నర్సరీ పనీ చూస్తారు, నాటడమూ చూస్తారు.

కాగితాల సంగతి: 2024 జనవరి నుంచి కెన్యాకు పాత వీసా బదులు ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి, పెట్టారు. జీతం లేకపోయినా పని పనే, టూరిస్టునని రాసి వెళ్ళి పని చేయకండి, మీ తరఫున ఆ సంస్థ పని చేయడానికి అనుమతినిచ్చే పాస్ తీసుకుంటుందా అని అడగండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోండి. మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి తీసుకోండి, తీరంలో దోమలు ఎక్కువ. సామాన్లలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు పెట్టకండి, 2017 నుంచి అక్కడ నిషేధం.

మోడుచిగురు:

ఆ లెక్కల పని మాట నిజం. నేను ఇంకో కోణం చెప్తాను. నైజర్ దేశంలో జరిగింది ఇది. టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా మిషనరీ 1981లో మరాడి ప్రాంతానికి వెళ్ళి మీలాగే విశ్వాసంతో మొక్కలు నాటించడం మొదలుపెట్టారు. నాటినవాటిలో చాలా వరకు చచ్చిపోయాయి. ఎండ, ఇసుక గాలి, మేకలు. పైగా అసలే తిండికి కరువైన రైతులు చెట్ల మీద అంతగా ఆసక్తి చూపలేదు. 1983లో ఒకరోజు బండి నిండా మొక్కలతో పోతూ, ఇసుక దారి కోసం టైర్లలో గాలి తగ్గించడానికి ఆగారు. ఎటు చూసినా బీడు. ఇంక ఏం చేయాలని ప్రార్థన చేసుకున్నారు. అప్పుడు దగ్గర్లో ఒక చిన్న పొద కనిపిస్తే వెళ్ళి ఆకు చూశారు. అది పొద కాదు, కొట్టేసిన చెట్టు మోడు నుంచి వచ్చిన పిలకలు. ఆ పొలాల నిండా నేల కింద వేళ్ళు బతికే ఉన్నాయి, ఏటా విత్తే ముందు రైతులు ఆ పిలకలను నరికి తగలబెడుతున్నారు, అంతే.

అప్పటినుంచి ఆయన చేసిన పని, మోడుకు నాలుగైదు బలమైన పిలకలు ఉంచి మిగతావి కోసేయమని, వాటిని కాపాడుకోమని రైతులను ఒప్పించడం. నర్సరీ అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు, వేరు అప్పటికే లోతుగా ఉంది. 20 ఏళ్ళలో అది ఒక రైతు నుంచి ఇంకో రైతుకు పాకి నైజర్‌లో దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు లేచాయి. 2018లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు ఇచ్చారు. మీరన్న 'కాయడం' అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. మీరు వెళ్ళే చోట ఉన్న మోళ్ళు చిగురిస్తున్నాయా, వాటిని ఏం చేస్తున్నారు అని తప్పకుండా అడగండి. బొగ్గు కోసం కొట్టిన అడవిలో కూడా చాలా వేళ్ళు ఇంకా చావవు.

ఎర్రనేల:

నేను కొంచెం కటువుగా చెప్తాను, ఏమనుకోవద్దు. మంచి మనసుతో తప్పు చెట్టు నాటితే ఏమవుతుందో కెన్యాలోనే ఉంది. బరింగో ప్రాంతంలో 1980ల్లో ఎడారిని ఆపడానికని ప్రోసోపిస్ తెచ్చి నాటారు, మన సర్కారు తుమ్మ. అది పచ్చిక బయళ్ళను మింగేసింది. కాయలు తీపిగా ఉంటాయి కాబట్టి మేకలు విడవకుండా తింటాయి, తినీ తినీ వాటి పళ్ళు పాడై ఊడిపోయాయి. 2006లో అక్కడి ఇల్‌చమూస్ తెగ ప్రజలు పళ్ళు లేని మేకను కోర్టుకే తీసుకెళ్ళి చూపించారు. ఆ మేక గడ్డి నమలలేదు, దాని మీద బతికే ఇంటికి పాలు లేవు. నాటినవాళ్ళలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు.

కాబట్టి "స్థానిక జాతులు" అని వాళ్ళ వెబ్‌సైట్‌లో రాసి ఉంటే చాలదు, ఏ ఏ జాతులో పేర్లు అడగండి, గింజ ఏ అడవి నుంచి తెస్తున్నారో అడగండి. నాటబోయే చోటు ఒకప్పుడు నిజంగా అడవేనా, లేక మొదటి నుంచీ గడ్డి మైదానమా? గడ్డి మైదానంలో ఏ చెట్టు నాటినా అది బాగుచేయడం కాదు. నేల ఎవరిది, రేపు కట్టెల హక్కు ఎవరిది అన్నది కూడా. 2023 నవంబరు 13న ఆ దేశం మొత్తానికి సెలవిచ్చి మరీ మొక్కలు నాటించారు, 2032 కల్లా 1500 కోట్ల చెట్లు అనే లక్ష్యం పెట్టుకున్నారు. నాటే చేతులకు అక్కడ కొరత లేదు. ఐదేళ్ళు కనిపెట్టుకుని ఉండేవాళ్ళకే కొరత.

నీడపందిరి:

పచ్చికబయలు గారూ, నేను ముస్లింని, నాకు మీ ప్రశ్న మనసుకు దగ్గరగా అనిపించింది. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటేయమని మా ప్రవక్త చెప్పిన మాట చిన్నప్పటినుంచి వింటూ పెరిగాను. ఫలితం చూస్తానో లేదో తెలియకుండానే చేయాల్సిన పని అది. అందుకే "నా తృప్తి కోసమా" అని మిమ్మల్ని మీరు మరీ హింసించుకోకండి. తృప్తి కలగడం తప్పు కాదు, ఆ తృప్తి కోసం పని చెడగొట్టడం తప్పు.

ఒక విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ తీరంలో మిజికెండా ప్రజలకు కాయా అడవులని ఉన్నాయి. పూర్వీకులు కోటలా కట్టుకుని బతికిన చోట్లు అవి, చుట్టూ ఉన్న అడవిలో చెట్టు కొట్టకూడదని పెద్దల కట్టుబాటు. 2008లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చుట్టుపక్కల అంతా పోయినా అక్కడి పాత చెట్లు ఇంకా మిగిలి ఉన్నాయంటే ఆ పెద్దల నమ్మకం వల్లే. మీ విశ్వాసంతో మీరు వెళ్ళండి, కానీ అడవిని దేవుడి చోటుగా చూసినవాళ్ళు అక్కడ ముందునుంచే ఉన్నారు. వాళ్ళ అనుమతి లేకుండా ఒక గింజ కూడా తీయకండి. చెట్ల పని చేస్తూ మతం మార్చే పని పెట్టుకునే గుంపులు కూడా ఉంటాయి, మీ సంస్థ ఏ రకమో తెలుసుకోండి.

పచ్చికబయలు:

ఇన్ని మాటలు చెప్తారనుకోలేదు, అందరికీ చేతులెత్తి నమస్కారం. మీరు చెప్పినవన్నీ రాసి వాళ్ళకు మెయిల్ పెట్టాను, నిన్న రాత్రి జవాబు వచ్చింది. నాటే చెట్ల పేర్లు 30 పైగా పంపారు, ఎంబంబకోఫి కూడా ఉంది! మోళ్ళకు వచ్చిన పిలకలను ముందు కాపాడతారట, ఖాళీగా మిగిలిన చోట్ల మాత్రమే నాటుతారట. ఏ ప్లాటులో ఎన్ని చచ్చాయో కూడా దాచకుండా రాశారు, అది చూశాకే నాకు నమ్మకం కుదిరింది. లెక్కలు ఒక కొలిక్కి తెచ్చే మనిషి కోసం చాలాకాలంగా చూస్తున్నామన్నారు. మతం గురించి అడిగితే, పనికొచ్చే ఊరివాళ్ళలో అందరూ ఉన్నారు, పొద్దున ప్రార్థనకు ఎవరిష్టం వాళ్ళది అని రాశారు. పాస్ వాళ్ళే తీస్తారు. జూన్ బదులు మార్చిలో వస్తానంటే సరేనన్నారు. టికెట్ డబ్బుతో పాటు అంతే మొత్తం నర్సరీకి ఇవ్వాలని నేనూ మా అన్నయ్యా అనుకున్నాం, అమ్మ అప్పుడు ఒప్పుకుంది.

గింజలసంచి గారూ, కాళ్ళకు ఏం వేసుకోవాలి? ఇంకా ఏమైనా ఇప్పటినుంచే నేర్చుకోవాలా?

గింజలసంచి:

చాలా సంతోషం. చీలమండ కప్పే గట్టి బూట్లు ఒక జత చాలు, చెప్పులైతే ముళ్ళు అడుగులోంచి దిగిపోతాయి. టోపీ మర్చిపోవద్దు. స్వాహిలీ కొంచెం మొదలుపెట్టండి. ఎంబెగు అంటే గింజ, మిచే అంటే నాటే మొక్కలు, మాజి అంటే నీళ్ళు. నర్సరీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ మూడు మాటలే వినపడతాయి. నర్సరీలో పెద్ద వయసు ఆవిడ ఎవరైనా కనిపిస్తే "షికమో" అని పలకరించండి, పెద్దవాళ్ళను అలాగే పలకరిస్తారు. "మరహబా" అని నవ్వుతారు.