కారం రుచా, మంటా? ఏడో తరగతి జవాబు మీద వాదన

పల్నాటి నాన్న: మా పాపకి సైన్సు పరీక్షలో "నాలుక గుర్తించే రుచులేవి?" అని అడిగారు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, కారం, వగరు అని రాసింది. చివరి రెండూ కొట్టేసి మార్కు కోశారు. ఉగాదికి షడ్రుచులని పాఠం చెప్పిందీ ఆ బడే. పిల్ల ఏది నమ్మాలి?

నాడీతంతువు: టీచరు దిద్దింది సరైనదే. రుచి మొగ్గల్లోని కణాలు పట్టేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటితోపాటు ఉమామి, అంటే మాంసం పులుసులో తగిలే లాంటి కమ్మదనం. దీన్ని 1908లో జపాన్‌లో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త గుర్తించాడు. కారం దారి వేరు. మిరపలోని క్యాప్సైసిన్ నొప్పి నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని, అంటే కబురందుకునే ప్రోటీనుని, తెరుస్తుంది. 43 డిగ్రీల వేడి తగిలినా తెరుచుకునేది అదే. అందుకే మెదడు "కాలుతోంది" అనుకుంటుంది. ఈ కబురు మోసేది ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం. 1997లో ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది.

పల్నాటి నాన్న: 1997 దాకా మన నోళ్ళు పనిచెయ్యలేదా? అన్నంలో గొడ్డుకారం కలుపుకుని తినేవాణ్ణి "అది రుచి కాదు, నొప్పి" అంటే ఎవరొప్పుకుంటారు?

చింతచిగురు: మరి వగరు ఎందుకు కొట్టేశారు?

నాడీతంతువు: పచ్చి అరటికాయలోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేస్తాయి, నోరు పిడచకట్టినట్టుంటుంది. ఎక్కువగా అది స్పర్శే.

శారద వంటిల్లు: ఈ తేడా తెలియక నేను రెండేళ్ళు మాటలు పడ్డాను. మా మామగారు స్కూటర్ మీంచి పడ్డారు, తలకి దెబ్బ. ఇంటికొచ్చాక ఏది వండినా "చప్పగా ఉంది" అని కంచం తోసేసేవారు. ఆవకాయ ఒక్కటే తినేవారు. "కోడలికి చెయ్యి పోయింది" అన్నారు చుట్టాలు. చివరికి ముక్కు డాక్టరు చెప్పారు, వాసన నరాలు తెగాయని. కూర రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనేనట. కారం నరం వేరు కాబట్టి అది మిగిలింది. ఆ రోజు పోపు గిన్నె ఆయన ముక్కు దగ్గర పెట్టాను. ఇంగువ వేగుతోంది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఇది మాటల గొడవ అనకండి అన్నయ్యగారూ.

పల్నాటి నాన్న: అమ్మా, మీ బాధ వేరు. కారం రుచి కాదని దాంతో తేలదు.

నాడీతంతువు: తేలుతుంది! మీరు వినరు, అంతే. నోబెల్ కన్నా ఉగాది పచ్చడి గొప్పదా?

పల్నాటి నాన్న: ఇదిగో, ఈ మాటకే నాకు ఒళ్ళు మండేది. నా గొడవ మార్కు గురించి కాదు. మా అమ్మ ఇరవై ఏళ్ళు మిర్చి తొడిమలు తీసి మమ్మల్ని చదివించింది. పాపకి ఆరు రుచులు వేళ్ళ మీద లెక్కపెట్టి నేర్పింది ఆవిడే. పేపరు మీద ఎర్ర ఇంకు చూసి "నాకేం తెలుసులే తల్లీ" అని లోపలికెళ్ళిపోయింది.

నాడీతంతువు: ఆ మాట అనకూడదు, క్షమించండి. ఒక్కటి చెప్పండి. తొడిమలు తీసిన రోజు అమ్మగారు చేతుల గురించి ఏమనేవారు?

పల్నాటి నాన్న: మండుతున్నాయనేది. రాత్రి మజ్జిగలో ముంచుకునేది.

నాడీతంతువు: చేతికి మంట, నోటికి కారం. అరచేతిలో రుచి మొగ్గల్లేవు, కానీ గ్రాహకం అదే. మజ్జిగ కూడా సరైన మందే. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, పాల ప్రోటీను దాన్ని పట్టుకుంటుంది. అమ్మగారికి ఇది నా కంటే ముందే తెలుసు.

పల్నాటి నాన్న: తెలుసు. నోట్లో పడితే రుచి అనీ తెలుసు.

శారద వంటిల్లు: ప్రశ్నలో "నాలుక" అనే ఉందా, "రుచి మొగ్గలు" అనా?

పల్నాటి నాన్న: నాలుక అనే ఉంది.

నాడీతంతువు: అయితే వెళ్ళి మార్కు అడగండి. ట్రైజెమినల్ నరం నాలుకలోనూ ఉంది. రుచి అన్న మాట మాత్రం నేనొప్పుకోను.

పల్నాటి నాన్న: సోమవారం వెళ్తాను. అమ్మని కూడా తీసుకెళ్తాను.